మెదడును తూచే త్రాసు – ముల్లును ఎంతవరకు నమ్మవచ్చు?

ఇంటి పెద్ద ఒక పేరు మరచిపోతే పూర్వం ఎవరూ కంగారుపడేవారు కాదు. "వయసు మీద పడుతున్నది" అని నవ్వుకొని ఊరుకునేవారు. నేడు పరిస్థితి వేరు. కళ్ళజోడు ఎక్కడ పెట్టారో గుర్తురాక తండ్రిగారు రెండుసార్లు వెదికితే చాలు, పిల్లల మనసులో భయం ప్రవేశిస్తున్నది. ఆ భయం సహజమే, అందులో ప్రేమ కూడా ఉన్నది. అయితే భయంలో ఉన్న మనిషికి అంకెలు వేసిన కాగితం ఏదైనా వేదవాక్కుగానే కనిపిస్తుంది. నేను ఈ వ్యాసం వ్రాయడానికి కారణం అటువంటి కాగితమే.

నా అభిప్రాయాన్ని ముందుగానే చెబుతాను. ఏ జబ్బూ లేని వృద్ధుల మెదడులోని రసాయనాలను ఎమ్మారై యంత్రంతో కొలిచి, ఆ ఒక్క అంకెను ఆధారం చేసుకొని వారి మతిని గురించి తీర్పు చెప్పడం తగదు. ఆ పరీక్ష అబద్ధమని నా ఉద్దేశం కాదు. అది చేయగల పనికీ, మనం దానిచేత చేయించదలచిన పనికీ మధ్య చాలా దూరం ఉన్నదని మాత్రమే నా మనవి.

మోతెలో జరిగినది

సూర్యాపేట నుండి ఖమ్మం వెళ్ళే దారిలో ఉన్న మోతెలో మా చిన్నాయన ఉంటున్నారు. బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నారు. వయసు డెబ్బై రెండు. రక్తపోటు లేదు, చక్కెర లేదు. వేకువనే లేచి పొలం గట్టు దాకా నడిచి వస్తారు. కౌలు లెక్కలు, ఇంటి పద్దులు ఆయన చేతిమీదుగానే నడుస్తాయి. సాయంత్రం వాడలోని పిల్లలకు ఎక్కాలు, భిన్నాలు చెబుతారు. ఈ మధ్య పాత శిష్యుల పేర్లు వెంటనే నోటికి రావడం లేదని ఆయనే ఒకనాడు అన్నారు.

పట్నంలో ఉన్న మా తమ్ముడు ఆ మాట విని ఆందోళనపడి, ఆయనను తీసుకువెళ్ళి ఒక పరీక్షా కేంద్రంలో మెదడుకు ఎమ్మారైతో పాటు 'స్పెక్ట్రోస్కోపీ' అనే పరీక్ష కూడా చేయించాడు. కొండల వరుస వంటి ఒక గీత, దాని క్రింద నాలుగు అంకెలు, చివర ఒక వాక్యం. ఒక రసాయనపు నిష్పత్తి "వయసుకు తగినదాని కంటే స్వల్పంగా తక్కువ" అని ఆ వాక్యం సారాంశం.

ఆ వాక్యం చేసిన పని స్వల్పం కాదు. చిన్నాయన ఇల్లు చేరిన మరునాడే బీరువా తాళాలు చిన్నమ్మ చేతికి ఇచ్చారు. పద్దుల పుస్తకం తమ్ముడికి అప్పగించారు. లెక్క తప్పు చెబుతానేమోనని పిల్లలను రావద్దన్నారు. ఆయన మతికి ఏమీ కాలేదు, ధైర్యం మాత్రం పోయింది.

కొన్ని నెలల తరువాత వేరొక కేంద్రంలో, వేరొక యంత్రం మీద అదే పరీక్ష జరిగింది. ఈసారి అంతా వయసుకు తగినట్లే ఉన్నదని వచ్చింది. చిన్నాయన రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి నన్ను అడిగారు: "రెండిట్ల నా మతి ఏ కాగితంల ఉన్నట్టు బిడ్డా?"

ఆ ప్రశ్నకు జవాబు వెదకడమే ఈ వ్యాసం.

అసలు ఈ పరీక్ష ఏమిటి?

మామూలు ఎమ్మారై మెదడు బొమ్మను చూపుతుంది. స్పెక్ట్రోస్కోపీ అదే యంత్రంతో, సూది గుచ్చకుండా, రక్తం తీయకుండా మెదడులోని కొన్ని పదార్థాల పాళ్ళను అంచనా వేస్తుంది. దీనికి మూలమైన సూత్రాన్ని ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1946లో వేర్వేరుగా నిరూపించారు. అందుకు 1952లో వారికి నోబెల్ బహుమతి లభించింది. బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉన్న హైడ్రోజన్ కేంద్రకాలు రేడియో తరంగాలకు బదులు పలుకుతాయి. అవి ఏ పదార్థంలో ఉన్నాయో దానిని బట్టి వాటి శ్రుతి కొద్దికొద్దిగా మారుతుంది. ఆ శ్రుతిభేదాన్ని పట్టి ఏ పదార్థం ఎంత ఉన్నదో లెక్కకడతారు.

ముఖ్యంగా చూసేవి నాలుగు. నాడీకణాల క్షేమాన్ని సూచించే ఎన్-ఎసిటైల్ ఆస్పార్టేట్ మొదటిది. కణాల శక్తి వ్యవహారానికి సంబంధించిన క్రియాటిన్ రెండవది. కణాల పొరలకు సంబంధించిన కోలిన్ మూడవది. నాడీకణాలకు ఆసరాగా ఉండే కణాలలో ఎక్కువగా కనిపించే మయో-ఇనోసిటాల్ నాల్గవది. మతిని పోగొట్టే అల్జైమర్ వ్యాధిలో మొదటిది తగ్గడం, నాల్గవది పెరగడం చాలా పరిశోధనలలో కనిపించింది. ఆరోగ్యవంతులలో కూడా వీటిని కొలవాలన్న ఆలోచనకు మూలం ఇదే.

ఒకే మెదడుకు రెండు అంకెలు ఎందుకు?

మన ప్రాంతపు రైతుకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. కొనుగోలు కేంద్రంలో ధాన్యపు తేమ 17 శాతం మించకూడదని నియమం. అదే కుప్ప నుండి ఒకసారి పై గింజలు, మరొకసారి అడుగు గింజలు తీసి చూస్తే ముల్లు ఒకచోట నిలవదు. యంత్రం మారితే మళ్ళీ మారుతుంది. ధాన్యం ఒకటే, కొలతలు రెండు. మెదడు విషయంలో ఈ చిక్కులు మరింత ఎక్కువ.

మొదటిది, సంకేతం మిక్కిలి బలహీనం. మెదడులో నీటి సంకేతం ఈ రసాయనాల సంకేతానికి వేల రెట్లు. పెద్దగట్టు లింగమంతుల జాతరలో భేరీల మోత నడుమ ఒక తంబూరా శ్రుతిని వినడం వంటి పని ఇది. నీటి మోతను అణచి, ఒకే కొలతను వందసార్లకు పైగా తీసి సరాసరి చూస్తేగాని అంకె రాదు. ఆ కొన్ని నిమిషాలలో తల కొద్దిగా కదిలినా గీత చెదురుతుంది. మెడనొప్పి, దగ్గు ఉన్న పెద్దవారు కదలకుండా పడుకోవడం ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు.

రెండవది, కొలిచే చోటు. ఈ పరీక్షలో తరచుగా మెదడులోని ఒక ఘనపు ముక్కను ఎన్నుకొంటారు. ప్రక్కకు రెండు సెంటీమీటర్ల చొప్పున తీసుకుంటే అది ఎనిమిది ఘన సెంటీమీటర్లు, అంటే ఒక పెద్ద ఉసిరికాయ పాటి పరిమాణం. రెండవసారి ఆ ముక్కను సరిగ్గా అక్కడే పెట్టాలి. కొద్దిగా జరిగితే మెదడులోని బూడిదరంగు పదార్థం, తెల్లని పదార్థం వేరే పాళ్ళలో కలుస్తాయి. అప్పుడు రసాయనాల పాళ్ళు కూడా మారుతాయి.

మూడవది వృద్ధులకు ప్రత్యేకమైనది. వయసుతో మెదడు కొంత కుంచించుకుపోవడం సహజం. ఆ ఖాళీని మెదడు చుట్టూ ఉండే ద్రవం నింపుతుంది. ఆ ద్రవంలో మనం వెదికే పదార్థాలు దాదాపు ఉండవు. యువకుని ఘనపు ముక్కలో ద్రవం పదో వంతు, వృద్ధునిలో ఐదో వంతు ఉన్నదనుకుందాం. మెదడు కణజాలంలోని రసాయనం ఇద్దరిలోనూ సమానంగానే ఉన్నా, వృద్ధుని అంకె సుమారు 11 శాతం తక్కువగా వస్తుంది. పాలలో లోపం లేదు, పాత్రలో నీళ్ళు ఎక్కువ! ఈ ద్రవపు వాటాను లెక్కించి సవరించకపోతే ఆ అంకె తప్పుదారి పట్టిస్తుంది.

ఈ చిక్కును తప్పించడానికి చాలాచోట్ల రసాయనాన్ని నేరుగా చెప్పక, క్రియాటిన్‌తో నిష్పత్తిగా చెబుతారు. రెండూ ఒకే ముక్కలోనివి కనుక ద్రవం వల్ల వచ్చే తేడా రద్దవుతుంది. ఉపాయం మంచిదే. కాని క్రియాటిన్ అందరిలో, అన్ని వయసులలో ఒకే తీరుగా ఉంటుందన్న నమ్మకం మీద ఇది నిలిచి ఉన్నది. క్రియాటిన్ స్వల్పంగా పెరిగినా నిష్పత్తి తగ్గుతుంది. చూసేవారు నాడీకణాలు తగ్గాయని భ్రమపడతారు.

నాల్గవది, యంత్రభేదం. అయస్కాంతపు బలం ఒకచోట 1.5 టెస్లా, మరొకచోట 3 టెస్లా. కొలిచే పద్ధతి, గీతను అంకెగా మార్చే లెక్క కూడా కేంద్రానికొక తీరుగా ఉంటాయి. కనుక ఒక కేంద్రపు అంకెను మరొక కేంద్రపు అంకెతో నేరుగా పోల్చరాదు. చిన్నాయన రెండు కాగితాలకు మొదటి సమాధానం ఇక్కడే దొరుకుతుంది.

ఐదు శాతం తేడా చిన్నదేనా?

మంచి యంత్రం మీద, నేర్పరి చేతిలో, అదే మనిషిని వెంటవెంటనే కొలిస్తే బలమైన సంకేతాలకు నూటికి కొద్ది పాళ్ళ తేడా మాత్రమే వస్తుంది. బలహీనమైన సంకేతాలకు ఆ తేడా పది పాళ్ళు, అంతకు మించి కూడా ఉండవచ్చు. "ఐదు శాతమే కదా!" అని మనకు అనిపిస్తుంది. కాని లెక్క చూడండి. ఒక్కొక్క కొలతలో సాధారణంగా వచ్చే చలనం 5 శాతం అయితే, రెండు కొలతలలోనూ ఆ చలనం ఉంటుంది. అందుచేత రెండవసారి వచ్చిన తేడా నిజమైన మార్పే అని నూటికి 95 పాళ్ళు నిశ్చయంగా అనాలంటే, ఆ తేడా సుమారు 14 శాతం దాటి ఉండాలి. ఆరోగ్యవంతుడైన వృద్ధునిలో ఏడాదికి సహజంగా వచ్చే మార్పు దానికంటే ఎంతో చిన్నది. బియ్యపు బస్తాను తూచే కాటాతో తులం బంగారాన్ని తూచబోతే ఏమవుతుందో ఇదీ అంతే.

మరొక లెక్క. నూరుగురు ఆరోగ్యవంతులను కొలిచి, అట్టడుగున ఉన్న ఐదుగురిని 'తక్కువ' అని పిలవడం వాడుక అనుకుందాం. ఆ ఐదుగురికి జబ్బు ఉన్నదని దీని అర్థం కాదు. వరుసలో ఎవరో ఒకరు చివర నిలబడక తప్పదు గదా! రెండు చోట్ల నాలుగేసి రసాయనాలు, మొత్తం ఎనిమిది అంకెలు చూస్తే, అవి ఒకదానితో ఒకటి సంబంధం లేనివైన పక్షంలో, ఏ జబ్బూ లేని ప్రతి ముగ్గురిలో ఒకరికి కనీసం ఒక అంకె 'తేడాగా' రాగలదు. ఆ మూడవ మనిషి మన ఇంటి పెద్ద కావచ్చు.

సుబ్బారావుగారి పాఠం

ఈ సందర్భంలో ఒక తెలుగువాడిని స్మరించుకోవాలి. ఈ పరీక్షలో కొలబద్దగా వాడే క్రియాటిన్ సంకేతంలో నిజానికి రెండు పదార్థాలు కలిసి ఉంటాయి: క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్. ఆ రెండవదానిని కండరాలలో కనుగొని 1927లో లోకానికి వెల్లడించినవారు సైరస్ ఫిస్కే, మన యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో జన్మించిన సుబ్బారావుగారు మద్రాసులో వైద్యవిద్య ముగించి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం బోధించి, 1922లో అమెరికా వెళ్ళారు. మన పత్రిక పాఠకులకు ఆయన ఈ విధంగా కూడా ఆత్మీయులే.

ఆయన ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే ఒక పద్ధతిని ప్రకటించారు. ద్రావణంలో ఏర్పడే నీలిరంగు గాఢతను బట్టి భాస్వరమెంతో చెప్పే పద్ధతి అది. ప్రపంచంలోని ప్రయోగశాలలు దశాబ్దాల పాటు దానిని వాడుకున్నాయి. కండరపు రసంలో ఆ కొలత చేస్తుండగా రంగు రావలసినంత వేగంగా రాక, ఆలస్యంగా చిక్కబడుతూ వచ్చింది. మొదట కనిపించిన అంకెను వ్రాసుకొని వారు లేచిపోలేదు. ముల్లు ఎందుకు నిలవడం లేదని ప్రశ్నించారు. అప్పటివరకు ఎవరికీ తెలియని ఒక పదార్థం అక్కడ మెల్లగా విడిపోతూ భాస్వరాన్ని విడుదల చేస్తున్నదని ఆ ప్రశ్న వల్లనే తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్.

నిలవని కొలతను అనుమానించడం శాస్త్రద్రోహం కాదు. శాస్త్రం పుట్టేది ఆ అనుమానంలో నుండే. మొదటి అంకెనే తీర్పుగా తలకెత్తుకునే అలవాటు మాత్రం శాస్త్రానికి చెందినది కాదు.

అయితే ఈ పరీక్ష నిరుపయోగమా?

కాదు. మెదడులో గడ్డ ఏ స్వభావం కలదో తెలుసుకోవడానికి, శక్తి తయారీలో లోపమున్న కొన్ని జబ్బులను గుర్తించడానికి నిపుణులు దీనిని ఇతర పరీక్షలతో కలిపి వాడుతున్నారు. అక్కడ మార్పులు పెద్దవి, కాబట్టి ముల్లు తొణికినా అర్థం చెడదు. పరిశోధనలోనూ దీనికి గౌరవస్థానం ఉన్నది. హర్యానాలోని మానేసర్‌లో ఉన్న జాతీయ మెదడు పరిశోధనా కేంద్రంలో ప్రవత్ మండల్ బృందం ఇదే పద్ధతితో గ్లూటాథయోన్ అనే రక్షక పదార్థాన్ని కొలిచి, ఆరోగ్యవంతులైన వృద్ధుల సమూహానికీ అల్జైమర్ రోగుల సమూహానికీ భేదం చూపింది. అది విలువైన కృషి. కాని సమూహానికి సమూహానికి మధ్య కనిపించిన భేదం వేరు, మీ నాన్నగారి ఒక్క అంకె వేరు. పది ఊళ్ళ సగటు వర్షపాతం తెలిసినంత మాత్రాన నా పెరట్లో రేపు వాన పడుతుందో లేదో చెప్పలేము గదా!

మన వైద్యానికీ ఇదే గీటురాయి

ఆయుర్వేదాభిమానులు ఇంతవరకు చదివి సంతోషిస్తూ ఉండవచ్చు. వారికి కూడా ఒక మాట చెప్పకపోతే నేను పక్షపాతిని అవుతాను. ఒకే నాడిని ఉదయం ఇద్దరు వైద్యులు చూసి రెండు విధాలుగా చెబితే, అది కూడా నిలవని ముల్లే. చరకుడు మేధ్య రసాయనాలుగా మండూకపర్ణి, అతిమధురం, తిప్పతీగ, శంఖపుష్పి అనే నాలుగింటిని చెప్పిన మాట నిజం. వాటి మీద నాకు గౌరవం ఉన్నది. కాని "మా లేహ్యం వాడక ముందు, వాడిన తరువాత" అని రెండు మెదడు గీతలను ప్రక్కప్రక్కన అచ్చువేసి ఎవరైనా అమ్మజూపితే నమ్మవద్దు. ఏ మందూ వాడకపోయినా రెండవ గీత మొదటిదాని వలె రాదని పైన చూశాము. సగం సందర్భాలలో అది మెరుగ్గానే కనిపిస్తుంది!

చరకుడే సత్యాన్ని పరీక్షించే మార్గాలు నాలుగని చెప్పాడు: ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం, యుక్తి. అనేక కారణాలను కలిపి చూసి నిర్ణయించే బుద్ధికే యుక్తి అని పేరు. ఒక్క అంకెతో ముగించేది యుక్తి కానేరదు.

ఇంటివారు చేయవలసినది

చిన్నాయనను చివరకు సూర్యాపేటలో ఒక వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాము. ఆయన కాగితాలను ప్రక్కన పెట్టి అరగంట సేపు మాటలాడాడు. తేదీ, వారం అడిగాడు. కొన్ని మాటలు చెప్పి కాసేపటికి మళ్ళీ చెప్పమన్నాడు. నూరు నుండి ఏడేసి తీసివేయమన్నాడు. చిన్నాయన ఆగకుండా రెండు దాకా వచ్చారు. తరువాత చిన్నమ్మను విడిగా కూర్చోబెట్టి, ఇంటి వ్యవహారాలలో ఏమైనా మార్పు కనిపించిందా అని అడిగాడు. ఏ జబ్బూ లేదని తేల్చి, ఏడాది తరువాత మళ్ళీ వచ్చి మాటలాడి వెళ్ళమన్నాడు.

మాటలాడి తెలుసుకునే ఈ పద్ధతిని చిన్నచూపు చూడరాదు. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం మతిభ్రంశ వ్యాధిగల 648 మందిని పరిశీలించి 2013లో ఒక సంగతి ప్రకటించింది. ఒకే భాష మాటలాడేవారి కంటే రెండు, అంతకు మించి భాషలు మాటలాడేవారిలో వ్యాధి సుమారు నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువురానివారిలోనూ ఆ భేదం కనిపించింది. వ్యాధి ఎప్పుడు మొదలైందన్న కీలకమైన సంగతిని వారికి చెప్పినవారు ఇంటివాళ్ళే.

కనుక పాఠకులు ఈ విషయాలను గుర్తుంచుకోవలసిందిగా కోరుతున్నాను.

తాళాలు ఎక్కడ పెట్టారో మరచిపోవడం వేరు, తాళం ఎందుకో మరచిపోవడం వేరు. తెలిసిన దారిలో తప్పిపోవడం, అలవాటైన డబ్బు లెక్క చేయలేకపోవడం, అడిగినదే పదే పదే అడగడం, స్వభావం మారిపోవడం కనిపిస్తే ఆలస్యం చేయక నిపుణుని వద్దకు తీసుకువెళ్ళండి.

మతిమరుపుకు సరిదిద్దదగిన కారణాలు చాలా ఉన్నాయి. బి12 విటమిన్ లోపం (శాకాహారుల ఇళ్ళలో ఇది ముఖ్యం), థైరాయిడ్ మాంద్యం, దిగులు, నిద్రలేమి, నిద్రమాత్రలు, చెవుడు వంటివి ముందు చూడాలి. వినబడని మాట గుర్తుండదు గదా!

2024లో లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన నిపుణుల సంఘం, జీవితాంతం 14 కారణాలను అదుపులో పెట్టగలిగితే ఈ వ్యాధులలో సుమారు 45 శాతాన్ని నివారించడమో, వాయిదా వేయడమో సాధ్యమని అంచనా వేసింది. రక్తపోటు, చక్కెర, పొగత్రాగడం, వినికిడి, చూపు, ఒంటరితనం వాటిలో ఉన్నాయి. వీటికి ఖరీదైన యంత్రం అక్కరలేదు.

వైద్యుడు కారణం చెప్పి రసాయన పరీక్ష వ్రాస్తే తప్పక చేయించండి. అయితే మూడు ప్రశ్నలు అడగండి. ఈ అంకె మా చికిత్సలో ఏమి మారుస్తుంది? వచ్చే వారం మళ్ళీ కొలిస్తే ఎంత తేడా రావచ్చు? ద్రవపు వాటాను సవరించారా? రెండవసారి చేయించవలసి వస్తే అదే యంత్రం మీద, అదే పద్ధతిలో చేయించండి.

అన్నిటికీ మించి, పెద్దవారి ఎదుట కాగితం చదివే ముందు ఒక్క క్షణం ఆగండి. "తక్కువ" అన్న మాట యంత్రానికి ఒక అంకె. వినే మనిషికి అది ఒక శిక్ష.

చిన్నాయన ప్రశ్నకు నేను చెప్పిన జవాబు ఇదే: "రెండు కాగితాలలోనూ ఉన్నవి కొలతలే చిన్నాయనా, మీ మతి వాటిలో లేదు. అది మీ పద్దుల పుస్తకంలో ఉన్నది." ఆయన వెంటనే ఏమీ అనలేదు. పద్దుల పుస్తకం తిరిగి తీసుకోవడానికి ఆయనకు మరో నెల పట్టింది. పిల్లలు ఇప్పుడు మళ్ళీ సాయంత్రం వస్తున్నారు. తాళాలు మాత్రం ఇంకా చిన్నమ్మ వద్దనే ఉన్నాయి. ఒక వాక్యం తీసుకుపోయిన ధైర్యం అంత సులభంగా తిరిగి రాదు. ఆ వాక్యం వ్రాసేవారూ, దానిని ఇంటికి తెచ్చేవారూ ఇది తెలుసుకోవాలని నా ప్రార్థన.